మేరీ మేరీగా ఉండకూడదా?

‘మిస్సమ్మ’ సినిమా 1955 జనవరిలో వచ్చింది. సావిత్రి, రామారావుల నటన, రాజేశ్వరరావు సంగీతం మాకు ఇప్పటికీ ఇష్టమే. అయినా ఏజెన్సీ పిల్లల మధ్య కూర్చుని చూస్తే చివర్లో మా నవ్వు ఆగిపోతుంది. ఎందుకో చెప్పాలి.

అప్పాపురం జమీందారు తన బడికి బి.ఎ. చదివిన భార్యాభర్తలే పంతుళ్లుగా కావాలని ప్రకటిస్తాడు. ఉద్యోగం లేని మేరీ, ఎం.టి. రావు దంపతులమని అబద్ధం చెప్పి చేరతారు. ఆమె క్రైస్తవురాలు, అతను హిందువు. ఆకలి కలిపిన జోడీ ఇది. బడిలో తోటి ఉపాధ్యాయులు, ఇంట్లో పోట్లాట.

మేరీ కోపాన్ని సినిమా నవ్వులాటగా చూపింది. మాకు అందులో న్యాయం కనిపిస్తుంది. జమీందారు ఇంటివాళ్లు ఎంత ప్రేమగా చూసినా, తనవి కాని ఆచారాలు తన మీద పడుతుంటే ఆమెకు చిరాకు. పట్నంలో అద్దె గది కోసం తెగ పేరు దాచుకుని, కోయ మాటనో సవర మాటనో గొంతులోనే మింగుకునే మన పిల్లలకు ఆ చిరాకు బాగా తెలుసు.

రావు సీతకు సంగీతం నేర్పుతుంటే మేరీ ఉడుక్కుంటుంది. అక్కడే ఆమె మనసు బయటపడుతుంది. అంటే మేరీ మేరీగా ఉన్నప్పుడే ప్రేమ పుట్టింది. మరి కథ ఏం చేసింది? ఆమె చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని తేల్చింది. మతం అడ్డు ఎలా దాటాలో చెప్పకుండా అడ్డే లేదనేసింది.

ఆ రోజుల్లో జనం ఒప్పుకునేవారు కాదని కొందరంటారు. కావచ్చు. కానీ మతం మారకుండానే వేరే మతంవారిని పెళ్లాడే వీలిచ్చిన ప్రత్యేక వివాహ చట్టం సరిగ్గా 1955 జనవరి 1న అమల్లోకి వచ్చింది. చట్టం తలుపు తీసిన నెలలోనే సినిమా పక్కదారి పట్టింది.

సినిమాను పక్కన పెట్టమని మేము అనడం లేదు. ఉపాధ్యాయ మిత్రులారా, పిల్లలకు చూపించండి. మేరీ మేరీగానే మిగిలితే కథ ఎలా ముగియాలో వాళ్లనే రాయమనండి. మనలాగా మారితేనే మనవాళ్లు అనే ప్రేమ సగం ప్రేమేనని వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.