రెప్పకందని వేగము

ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వఱకు, చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని తూర్పుతీరమంతటను మరపడవల వేటను నిషేధించు ఆ 61 దినములలో, నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు మండలపు కడలియొడ్డు నిశ్శబ్దముగా నుండునని దూరపువారు భావింపవచ్చును గాని, తక్కిన పదినెలలలో వినరాని యంత్రఘోష ఆ కాలముననే అచ్చట వినవచ్చును. వేటకు పోని పడవలు ఒడ్డెక్కి కోడూరు ఇసుకలో బోర్లపడియుండగా, వాని పగుళ్ళను పూడ్చుటకును, పాతపూతలను అరుగదీయుటకును, అంచులను సరిచేయుటకును పనివారు పూనుకొందురు. ఒకని చేతిలో గ్రైండరు గిఱ్ఱున తిరుగుచుండును. వేఱొకడు పడవయంచును కదలకుండ పట్టుకొనియుండును. తెల్లనిపొడి గాలిలో లేచి వారి తలవెండ్రుకలమీదను కనుబొమలమీదను పేరుకొనుచుండును. ముక్కునకు తువ్వాలు చుట్టుకొన్నవారిని అక్కడక్కడ చూచితిని. కన్నులకు ఏదేని అడ్డము పెట్టుకొన్నవారిని చూచుట మిక్కిలి అరుదు. అడిగినచో "ఏం గాదులే అన్నా, మాకు అలవాటే" అని నవ్వుదురు.

ఆ నవ్వు వెనుక తరతరముల అనుభవము కలదు గనుక దానిని నేను తేలికగా త్రోసిపుచ్చజాలను. తండ్రితాతల పనిముట్లకు ఆ ధైర్యము చాలినది. నేటి పనిముట్టునకు చాలదు. చేతిపనియందు చిన్ననాటినుండియు మక్కువగలవాడనై, వడ్రంగిపంచలలోను కమ్మరికొలుములకడను గంటలకొలది నిలుచుటకు అలవాటుపడిన నేను ఈ వారము చెప్పదలచినదంతయు ఈ భేదమును గూర్చియే.

పూర్వము ఈ తీరమున వేటకు పోయినవి బాడిసతో చెక్కిన దుంగలను త్రాళ్ళతో బిగించి కట్టిన తెప్పలు. ఫైబరు పడవలు మునుపును లేకపోలేదు గాని, 2004 డిసెంబరు 26వ తేదీనాటి సునామీ తెప్పలను పడవలను నుగ్గుచేసిన పిమ్మట, ప్రభుత్వము వలనను ధర్మసంస్థల వలనను అవి విరివిగా వచ్చినవి. పడవ మాఱినది, పడవతోపాటు పనిముట్టును మాఱినది. బాడిసదెబ్బకు చెక్కపేడు లేచుటను పనివాడు చూడగలడు. దెబ్బవేయుటకు ముందే తల ఒకింత ప్రక్కకు త్రిప్పును. త్రిప్పుట మఱచినను రెప్ప వాలును. చిత్రిక పట్టునప్పుడు వచ్చు చుట్టలు కాళ్ళమీద పడును గాని కన్నులవైపునకు రావు. రంపపుపొట్టు నేలకు రాలును. ఆ పనిముట్లను నడిపినది మనుష్యుని భుజబలమే గనుక, అవి విసరు తునుకల వేగమును ఆ శరీరపు మేరలోనిదే. ఆ మేరకు ప్రకృతి రెప్పను సిద్ధపఱచియుంచినది.

చేతి గ్రైండరునకు బిగించు నాలుగంగుళముల బిళ్ళ నిమిషమునకు సుమారు 11,000 చుట్లు తిరుగును. లెక్కవేసి చూచినచో, దాని అంచు సెకనునకు 57 మీటర్లు, అనగా గంటకు రెండువందల కిలోమీటర్లకు పైబడిన వేగముతో పరుగెత్తుచున్నదని తేలును. ఏదో వచ్చుచున్నదని కన్ను గ్రహించి రెప్ప మూయుటకు ఇంచుమించు సెకనులో పదవవంతు పట్టును. అంతలో ఆ తునుక ఐదుమీటర్లకు మించి పోగలదు. గాలి ఒరిపిడికి దాని వేగము కొంత తగ్గునని ఒప్పుకొన్నను, పనివాని ముఖమునకును బిళ్ళకును నడుమనున్న దూరము మూరెడో రెండుమూరలో మాత్రమే. నలుసు కంటిలో చేరిన పిమ్మట రెప్ప మూతపడును. అప్పుడది కన్నును కాచుటకు మాఱుగా నలుసును లోపలనే ఒత్తిపెట్టును. ఇరువదియేండ్ల అనుభవముగలవాడైనను, నిన్న పనిలో చేరినవాడైనను రెప్పవేగము ఒక్కటే. అలవాటువలన చేతికి నేర్పు వచ్చును, చెవికి యంత్రపు ధ్వనిలోని తేడా తెలియును. రెప్పకు మాత్రము వేగము రాదు.

కంటిపాపకు ముందున్న పారదర్శకమైన పొర, వైద్యులు కార్నియా యనునది, నడుమభాగమున అరమిల్లీమీటరు మందము మాత్రమే యుండును. కాలిన ఇనుపరవ్వ దానిలో నాటుకొన్నచో, సముద్రపుగాలికి మన యిండ్ల ఇనుపగేట్లు చిలుమెక్కినట్లు, ఉప్పని కన్నీటిలో ఆ రవ్వయు కొన్ని గంటలలోనే త్రుప్పుపట్టి చుట్టును ఎఱ్ఱని వలయమును ఏర్పఱచును. రవ్వను తీసినను ఆ వలయము మిగిలిపోవును. దానిని వైద్యుడు సూక్ష్మదర్శినిక్రింద గోకి తీయవలసియుండును. ఇంతకన్న భయంకరమైనది మఱియొకటి కలదు. తల విచ్చిపోయిన ఉలిని సమ్మెటతో మోదునప్పుడు విఱిగిన ఉక్కుతునుక కంటిని చీల్చుకొని లోపలికి పోవుట తఱచు జరుగు ప్రమాదము. అట్టివేళ ఒక్కొకప్పుడు నొప్పి కొంచెమే యుండును, చూపును బాగుగనే యుండును. రోగి ఇంటికి పోయి పండుకొనును. లోపల చిక్కిన ఇనుము నెలలతరబడి కరగుచు కంటితెరను విషపూరితము చేయును. అందుచేత ఇనుముపై ఇనుమును కొట్టునప్పుడు కంటికి చుఱుక్కుమన్నదని ఎవడైనను చెప్పినచో, చూపు ఎంత చక్కగానున్నను, ఎక్స్‌రేయో సీటీ స్కానో తీయింపకుండ ఊరుకొనరాదు. అట్టివాడు ఎం.ఆర్.ఐ. పరీక్షకు పోవుటయు అపాయకరమే. ఆ యంత్రపు అయస్కాంతము లోపలి తునుకను కదల్చివేయును.

పడవపనిలో గ్రైండరుకన్న నిశ్శబ్దమైన శత్రువు మఱియొకటి కలదని ఇచ్చట చెప్పకతప్పదు. రెజిను గట్టిపడుటకు దానిలో కలుపు నీళ్ళవంటి ద్రవమును పనివారు కెటలిస్టనియు హార్డ్‌నరనియు పిలుతురు. అది తీవ్రమైన పెరాక్సైడు. కలుపునప్పుడు ఒక్క చుక్క చింది కంటిలో పడినచో చూపును హరించుటకు చాలును. దానికి వైద్యము ఆసుపత్రిలో మొదలు కాదు, పడవయొద్దనే మొదలుకావలెను. పడిన మఱుక్షణమే మంచినీటితో, రెప్పలను వ్రేళ్ళతో విప్పిపట్టి, పావుగంటకు తక్కువకాకుండ ఎడతెగక కడుగవలెను. ఆ పిమ్మటనే బండియెక్కవలెను. ఇసుకలో నీరు దొరకదు గనుక రెజిను డబ్బాప్రక్కన నిండుబిందె నొకదానిని ఉంచి, దానిని త్రాగుటకును చేతులు కడుగుటకును వాడకుండుట మంచిది. రొయ్యలగుంటలలో చల్లు సున్నమునకును ఇదియే చికిత్స.

తోటపల్లి గూడూరు పరిసరములలో రొయ్యలసాగు పెరిగినకొలది ఇనుపపనియు పెరిగినది. గుంటనీటికి గాలి నందించు ఏరియేటర్ల చట్రములు విఱుగుచుండును, ఉప్పునీటికి తినివేయబడుచుండును. వానిని అతుకుటకు వెల్డింగుషాపులు కావలెను. ఆ షాపులు వీథిలోనికి తెఱచుకొనియుండుటచే, పనిచేయువాడు నల్లద్దము పట్టుకొన్నను, దారినపోవు బడిపిల్లలు కన్నులార్పకుండ ఆ నీలకాంతిని చూచుచు నిలుచుందురు. ఆ కాంతిలోని అతినీలలోహిత కిరణములు అప్పటికప్పుడు బాధింపవు. ఆఱేడు గంటలకో, పది గంటలకో, అర్ధరాత్రివేళ కంటిలో ఇసుక పోసినట్లు మంటలెత్తి ఆ పిల్లవాడు ఏడ్చుచు లేచును. పగలు చూచినదానికిని రాత్రి వచ్చిన బాధకును సంబంధమున్నదని తల్లికి తోచదు. అది ఒకటి రెండు దినములలో మానునదే గాని, మానులోపల చేయు వైద్యములే ఎక్కువ హానికరములు. గడ్డిపోచతోనో నాలుకతోనో నలుసు తీయువారును, ఆకుపసరు పిండువారును, చనుబాలు పోయువారును మన పల్లెలలో నేటికిని కలరు. వారి ప్రేమను నేను శంకింపను. గాయపడిన కంటిలోనికి సూక్ష్మక్రిములను పంపుట ఆ ప్రేమవలన ఆగదు. మందులషాపులో చీటిలేకుండ దొరకు స్టెరాయిడు చుక్కలు మఱింత ప్రమాదకరములు. వరికోతలలో కంకి గీచుకొనినను, గడ్డికోతయంత్రము పుల్లను విసరినను కంటిలో బూజుజాతి క్రిములు పాదుకొనవచ్చును; స్టెరాయిడు ఆ యెఱ్ఱదనమును తగ్గించి ఉపశమనము కలిగినదని భ్రమింపజేయుచు, క్రిములకు మాత్రము స్వేచ్ఛ నిచ్చును. ఆ పుండు మానినను తెల్లనిపూవు మిగులును.

అట్టి తెల్లనిపూవును తొలగించి మృతుని కంటిపొరను అతుకు శస్త్రచికిత్స కథలోను పనివారే కనబడుదురు. 1905 డిసెంబరు 7వ తేదీన, నాటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యములోని ఓలోమోట్స్ నగరమున ఎడ్వార్డ్ జిర్మ్ అను వైద్యుడు మానవుని కార్నియాను మానవునికి అతికి మొట్టమొదటిసారిగా సఫలుడయ్యెను. చూపు పొందినవాడు సున్నము పడి రెండుకన్నులను పోగొట్టుకొన్న కూలివాడు. కన్నునిచ్చినవాడు పదునొకండేండ్ల బాలుడు. ఇనుపతునుకలు దిగబడి పనికిరాకపోయిన అతని కంటిని తీసివేయవలసిరాగా, దాని పైపొర మాత్రము చెడకుండ మిగిలినది. ఇనుము చెఱచిన కన్ను సున్నము చెఱచిన కన్నునకు వెలుగైనదని చదివిననాడు నేను చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిని. మన నెల్లూరువారు తరతరములుగా కంటివైద్యమునకు పోవుచున్న చెన్నపట్టణపు ఎగ్మూరు ఆసుపత్రి 1819లో వెలసినది; అచ్చటనే 1945లో దేశములోని మొదటి నేత్రనిధి ఏర్పడినది. హైదరాబాదులో 1987 నుండి ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ కలదు. వైద్యమునకు మనకు కొఱతలేదు. కాని మృతుల కన్నులకై వేచియున్న వరుస చిన్నది కాదు. నివారింపదగిన గాయముతో ఆ వరుసలో నిలుచువాడు, పుట్టుగ్రుడ్డియైన పసిబిడ్డ వెనుకనో ముందో నిలుచుచున్నాడు.

చట్టము లేదా యందురేమో. 2025 వఱకు అమలులోనుండిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టములోని 35వ సెక్షను సరిగా ఈ విషయమునకే ఉద్దేశింపబడినది. తునుకలు ఎగురుచోటను, తీవ్రకాంతి పుట్టుచోటను తెరలో కళ్ళజోళ్ళో సమకూర్చునట్లు నియమములు చేయుటకు అది రాష్ట్రప్రభుత్వములకు అధికార మిచ్చినది. ఐతే విద్యుచ్ఛక్తితో నడుచుచోట పదిమంది పనివారున్నగాని అది ఆ చట్టపుదృష్టిలో ఫ్యాక్టరీ కాకుండెను. తండ్రియు, కొడుకును, ఒక కూలివాడును పనిచేయు రేకులషెడ్డునకును, కోడూరు ఇసుకకును ఆ సెక్షను చేరజాలకుండెను. తనిఖీకి వచ్చు అధికారి లేనిచోట తనిఖీచేయవలసినవాడు మేస్త్రీయే.

కళ్ళజోడు పెట్టుకొనకపోవుటకు పనివారు చెప్పు కారణములు నిజమైనవే. ఈ తీరపు ఉక్కలో అద్దము లోపల చెమటయావిరి పట్టును. పొడి గీతలుపడి నాలుగు దినములలో అద్దము మసకబాఱును. చూపు ఆనకున్నచో చేయి తెగునన్న భయము న్యాయమైనదే. కాని వీనికి ఉపాయములు కలవు. గాలి ఆడు రంధ్రములున్న గాగుల్సును కొనవలెను. నుదుట తలగుడ్డను బిగించినచో చెమట అద్దముపైకి దిగదు. పొడిపట్టిన అద్దమును లుంగీతో తుడువక ముందు నీటితో కడిగినచో గీతలు పడవు. మసకబాఱినదానిని పాఱవేసి వేఱొకదానిని కొనుటకు వెనుదీయరాదు, అది నూఱు నూటయేబది రూపాయల వస్తువు. అద్దము పాలికార్బనేటుదై యుండవలెను. 1953లో కనుగొనబడిన ఆ పదార్థము దెబ్బకు వంగునేగాని పెళుసుగా పగిలి కంటిలోనికి దిగబడదు. చదువుకొనుటకు పెట్టుకొను కళ్ళజోడును, తిరునాళ్ళలో కొన్న నల్లకళ్ళజోడును ఇందుకు పనికిరావు. ప్రక్కలు తెఱచియుండుటయేగాక, గాజుదైనచో పగిలి తానే ఆయుధమగును. కొనునప్పుడు ఐ.ఎస్. 5983 అను మన ప్రమాణపు గుర్తునైనను, ఇ.ఎన్. 166 అను ఐరోపా గుర్తునైనను వెదకవలెను. ఆ ఐరోపా ప్రమాణములో ఎఫ్ అను అక్షరమున్నది ఆఱు మిల్లీమీటర్ల ఉక్కుగుండు సెకనునకు 45 మీటర్ల వేగముతో తాకినను నిలిచినదనియు, బి అను అక్షరమున్నది 120 మీటర్లకు నిలిచినదనియు అర్థము. రవ్వలకు మొదటిది చాలును. తిరుగుచున్న బిళ్ళయే విఱిగి ముక్కలైనప్పుడు రెండవదియు, దానిపై ముఖమంతటిని కప్పు తెరయు కావలెను. బిళ్ళనడుమనున్న లోహపువలయముపై చెల్లుబాటు గడువు ముద్రింపబడియుండును. దానిని చదివి బిగించు మేస్త్రీని చూచినచో నాకు చేయెత్తి నమస్కరింపబుద్ధియగును. వెల్డింగు ముగిసి ముసుగు తీసి సుత్తితో పెచ్చు రాల్చు ఆ నిమిషము, అందఱును పని ఐపోయినదనుకొను ఆ నిమిషము, మిక్కిలి కీడుచేయును. నల్లద్దము క్రింద తెల్లని కళ్ళజోడు అప్పటికే పెట్టుకొనియున్నవాడు తప్పించుకొనును.

మన శిల్పులు విగ్రహమునకు అంగములన్నియు తీర్చిన పిమ్మట, చిట్టచివర మంత్రపూర్వకముగా నేత్రోన్మీలనము చేయుదురు. ఱాతికన్ను తెఱచుటకు ముహూర్తమును, బంగారుసూదిని వెదకిన సంప్రదాయము మనది. ఆళ్ళగడ్డ, దుర్గి శిల్పశాలలలో నేడు ఉలితోపాటు గ్రైండరును పనిచేయుచున్నది. శిష్యుని చేతికి మొదటిసారి ఆ యంత్రము నిచ్చునాడు, ముందుగా అతని కన్నులకు జోడును తొడిగి, ఆ తరువాతనే స్విచ్చి చూపు ఆచారమును గురువులు నెలకొల్పినచో అది కొన్నియేండ్లలో శాస్త్రమంతటి బలము పొందునని నా నమ్మకము. పనివాడు చట్టమును మఱచినను గురువు నేర్పిన వరుసను మఱవడు.

ఒడ్డున పడవలు బాగుచేయు ఒక మేస్త్రీ ఇట్టి వరుసను తనకుతానుగ కల్పించుకొనియున్నాడు. గ్రైండరు తీగకు ప్లగ్గుదగ్గఱ కళ్ళజోడును పొట్టితాటితో కట్టియుంచును. దానిని విప్పి కంటికి పెట్టుకొననిదే ప్లగ్గు సాకెట్టులో సరిగా ఇమడదు. చూచి ఆనందించి, ఆ తాటికే రెండవజోడును కట్టుమని అడిగితిని. పడవయంచును పట్టుకొని నిలుచు కుఱ్ఱవాడు పొడి ఎగురు దిక్కునకే ముఖము పెట్టి నిలుచుచున్నాడు. గ్రైండరు పట్టినవానికైనను తల త్రిప్పుకొను వీలుండును, వానికి అదియును లేదు.