పక్కన కూర్చునే విద్య
మా హబ్సిగూడలో కాన్పు కబురు చెబితే ముందు అడిగేది "నార్మలా, ఆపరేషనా?" అనే. నాది నీళ్లతొట్టిలో జరిగిన నార్మల్ కాన్పు. ఆ ఘనతలో సగం కాన్పు చేయించిన మా మిడ్‌వైఫ్‌లదే. నొప్పి వచ్చినప్పుడల్లా ఒకామె నడుము కింద అరచేత్తో గట్టిగా అదిమిపట్టేది. నొప్పి దిగగానే చెయ్యి తీసి మంచినీళ్లు తాగించేది. ఇంకొకామె థర్మామీటరు చూస్తూ, తొట్టిలో వేడి 37 డిగ్రీల దగ్గరే నిలిచేలా నీళ్లు కలిపేది. మధ్యమధ్యలో నీటిలో పనిచేసే డాప్లర్‌తో బిడ్డ గుండె చప్పుడు వినేది. తేడా వస్తే నన్ను వెంటనే బయటికి తేవడానికి సిద్ధంగా ఉండేవాళ్లు. తల కనిపించాక, "ఇక ముక్కొద్దు తల్లీ, మెల్లగా ఊపిరి వదులు" అన్నారు. చర్మం చిరగకుండా బిడ్డ నిదానంగా రావడానికే ఆ మాట. పాపను నీళ్లపైకి తీసి నా గుండెల మీద పెట్టారు. బొడ్డుతాడులో నాడి ఆగాకే కోశారు. కానీ ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఇలాంటి మిడ్‌వైఫ్‌లను తయారుచేయడానికి హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో మొదలుపెట్టిన మిడ్‌వైఫరీ శిక్షణ 2017 నుంచి ప్రభుత్వ నర్సులకూ అందింది. అవసరమైనప్పుడు ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. అవసరం లేనప్పుడు ఇంత ఓపికగా తోడుండే చేతులు ప్రతి తల్లికీ దక్కాలి.