‘బాల్స్’ నాటకము: హాస్యమున రెండు వేషములు

వికృతవేషము హాస్యరసమునకు ముఖ్యవిభావములలో నొకటియని నాట్యశాస్త్రము చెప్పుచున్నది. నవ్వించుటకై ధరించిన వేషమును, బ్రదుకుటకై ధరింపవలసివచ్చిన వేషమును ఒకే రంగముపై నెదురుపడినపుడు ఈ సూత్ర మెంతవఱకు చెల్లునన్నది విచారింపదగినది. అందులకు కెవిన్ అర్మెంటో, బ్రయొనీ లేవరీ కలిసి వ్రాసిన ‘బాల్స్’ అను ఆంగ్లనాటకమును మేము లక్ష్యముగా గైకొంటిమి. ఇది 2017లో అమెరికాయందలి హ్యూస్టను నగరమునను, 2018లో న్యూయార్కునను ప్రదర్శింపబడినది. శీర్షికయందే శ్లేష కలదు: బంతులని వాచ్యార్థము, మగటిమి యని మోటువాడుక.

ఇతివృత్తము ప్రసిద్ధమే. 1973 సెప్టెంబరు 20వ తేదీన హ్యూస్టను ఆస్ట్రోడోమునందు, 30,472 మంది ప్రేక్షకుల యెదుట, 29 ఏండ్ల బిల్లీ జీన్ కింగ్ 55 ఏండ్ల బాబీ రిగ్స్‌ను టెన్నిసు పోటీలో 6-4, 6-3, 6-3గా నోడించెను. అంతకు నాలుగు నెలల ముందు రిగ్స్ మార్గరెట్ కోర్టును 6-2, 6-1గా నోడించి, స్త్రీల యాట పురుషుల యాటకు సాటిరాదని చాటియుండెను. ఆనాటి పోటీయే యొక ప్రహసనము. పురుషులు మోయగా కింగ్ పల్లకిలో వచ్చెను. స్త్రీలు లాగగా రిగ్స్ రిక్షాలో వచ్చెను. అతడు పెద్ద మిఠాయి నీయగా నామె పందిపిల్లను కానుకగా నిచ్చెను.

ఈ ప్రహసనమును టెలివిజనులో లోకమంతయు జూచినది. ఇక నాటకకర్తలకు మిగిలినదేమి? కెమెరాకు చిక్కనిది. పోటీని దెబ్బకు దెబ్బగా రంగముపై నడపుచునే వారు కింగ్ భర్తయగు లారీని, ఆమె కార్యదర్శినియగు మెరిలిన్ బార్నెట్‌ను పాత్రలుగా నిలిపిరి. కింగ్‌నకు మెరిలిన్‌తో గల ప్రణయము నాడు లోకమునకు రహస్యము. 1981లో మెరిలిన్ వ్యాజ్యము వేయగా నది వెల్లడియయ్యెను. కింగ్ దానిని దాచక యంగీకరించి, వ్యాపారసంస్థలతోడి ప్రచారపు టొడంబడికలను గోల్పోయెను.

రిగ్స్ జూదరి. అతని పురుషాహంకారము చాలవఱకు టిక్కెట్లమ్ముటకు దొడిగిన వేషము. అది వేషమని యెల్లరకు దెలియును గనుక తాను నవ్వి పరులను నవ్వించును. కింగ్ ధరించినదియు వేషమే. కాని విప్పిన జీవనోపాధి పోవును. ‘కన్యాశుల్కము’న కరటకశాస్త్రి శిష్యుడు ఆడువేషమున లుబ్ధావధానులను వంచించునపుడు మనకు రహస్యము దెలియును, కనుకనే నవ్వుదుము. ఇచ్చటను ప్రేక్షకునకు రహస్యము దెలియును. ఐనను నవ్వు రాదు. శిష్యుడు పని తీరినంతనే వేషము విడిచి వెడలిపోవును. కింగ్ గెలిచియు విడువజాలదు. కాబట్టి వేషజ్ఞానమొక్కటే హాస్యహేతువు కాదు. దానిని విడుచు స్వాతంత్ర్యము వేషధారికి గలదన్న నెమ్మది కూడ సామాజికున కుండవలెను.

ప్రణయకథ పోటీకి బాహ్యమనియు, హాస్యమునకు భంగకరమనియు గొంద ఱాక్షేపింపవచ్చును. మేము దీనితో నేకీభవింపము. కోర్టులో స్త్రీల సమానత్వమునకై పోరు కింగ్ తన ప్రేమను మాత్రము మఱుగుపఱుపవలసివచ్చుటయే ఈ రూపకమునకు ప్రాణము. ఐనను లోపము లేకపోలేదు. మూడు సెట్ల యాటయు నిర్మాణమునకు వెన్నెముక యగుటచే మెరిలిన్ పాత్రకు దక్కినది బంతికి బంతికి నడిమి యవకాశమే. ఆమె మనస్సు మనకు బూర్తిగా దెలియదు. రహస్యప్రణయమునకు నాడు దొరకిన చోటు నంతియే యని సమాధానము చెప్పవచ్చును గాని, ఆ సమాధానము కింగ్ పాత్రకు జాలినట్లు మెరిలిన్ పాత్రకు జాలదు.

మన ప్రహసనములలోని వేషఘట్టములను బరిశీలించు విద్యార్థులు ఎవరు నవ్వుచున్నారని యడుగుటతో నాగక, వేషము విప్పినచో నెవరి కేమి నష్టమని కూడ నడుగవలెనని మా యభిప్రాయము.