గతుకు లేని చోట కుదుపు

చల్లపల్లి సెంటర్ దాటి ధాన్యం బస్తాలతో అవనిగడ్డ వైపు తిరిగితే చాలు, మా పికప్ రెండో గేరులో మొండి గిత్తలా కుదిపేసేది. వేగం అందుకుంటే మళ్లీ బుద్ధిమంతురాలే! డీజిల్ ఫిల్టరు మార్చినా ఖర్చే మిగిలింది.

మా మెకానిక్ ముందు పానా పట్టలేదు. మీటరు తగిలించి, యాక్సిలరేటర్ పెడల్‌ను చేత్తో వెంట్రుకవాసి చొప్పున నొక్కాడు. మెల్లగా ఎక్కుతున్న వోల్టేజి ఒకచోట టక్కున పడింది.

"చూశారా బాబాయ్ గారూ, అరిగిందిక్కడే."

పెడల్‌కున్న సెన్సారు రెండు సిగ్నళ్లు పంపుతుంది. వాటికి పొంతన కుదరకపోతే ఇంజిన్ కంప్యూటరు తికమకపడుతుంది. నెమ్మదిగా పోయేటప్పుడు పాదం ఆడేది పెడల్ మొదటి అంగుళంలోనే, అరిగేదీ అదే. మార్చడం పది నిమిషాల పని. పనితనమంతా అంతకు ముందుదే. దానికి బిల్లులో లెక్క లేదు, అందుకే వంద ఎక్కువిచ్చాను.