పల్లె గుడిలో ఆనందభైరవి

కొవ్వూరు నుంచి విజ్జేశ్వరం దాకా గోదావరి గట్టు పట్టుకుని పోతే దారిలో పేటలు, పేటల్లో చిన్న చిన్న చర్చిలు తగులుతాయి. ఊళ్లో చాలామంది వాటిని గుడి అనే అంటారు. కట్టడాల్లో పెద్ద వింతేమీ ఉండదు: సున్నం గోడలు, పైన శిలువ, గుమ్మం ముందు చెప్పులు. ఆదివారం పాట ఎత్తుకున్నాక గానీ వాటి సంపద తెలియదు.

1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం, పాలకొల్లు వైపు స్థిరపడ్డారు. 1847లో కాటన్ దొర ఆనకట్ట పని మొదలై ధవళేశ్వరంలో కూలిజనం గుమిగూడితే, అక్కడికీ వెళ్లి బోధించారు. రాజమండ్రిలో 1845 నుంచే లూథరన్ మిషన్ ఉంది. ఈ మిషన్లలో చేరినవాళ్లలో ఎక్కువమంది అక్షరం రానివారు, ఊరి దేవాలయం మెట్టెక్కనివ్వని కులాలవారు.

దొరలు తెచ్చిన పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలు అతికిస్తే గురువు ఉన్నచోట స్వరం పొట్టిదై, లఘువును సాగదీయాల్సి వచ్చేది. ఆ పాటలు ఇప్పటికీ పాడతారు, కానీ నోరు తిరగదు. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు పల్లవి, అనుపల్లవి, చరణాలతో కీర్తనలు కట్టాక గానీ చిక్కు తీరలేదు. కేరళ ఆర్థడాక్స్ గుడుల్లో సిరియా బాణీలు నిలిస్తే, ఇక్కడ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాటపైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. ఆనందభైరవి జోలపాటల్లో, పెళ్లిపాటల్లో ముందే వినపడే రాగం కనుక పల్లె చెవికి కొత్త కాలేదు.

పాడే తీరు సులువు. సంఘపెద్ద ఒక్కో పాదం అంటాడు, జనం అందుకుంటారు. చదువు రానివారికి ఇదే బడి. ప్రతి చరణం చివర పల్లవికి రావడంతో మొదటిసారి విన్నవాళ్లు కూడా మూడో చరణానికల్లా గొంతు కలుపుతారు. చాపుతాళమైతే ఏడు లెక్కలు, తకిట తకధిమి. నాట్లు వేసే చేతులే చప్పట్లు కొడతాయి, తాళం పేరడిగితే నవ్వుతారు. సంగీతం నేర్చుకునే వాకిళ్లు మూసేసిన కులాలకు కర్ణాటక రాగాలు ఇలా నోటికి వచ్చాయి. నా లెక్కలో ఈ గుడులు చేసిన పెద్దపని ఇదే.

ఇప్పుడు డోలక్ పక్కన కీబోర్డు చేరింది. గమకం మెట్ల మీద నడవదని పెద్దలు గొణుగుతారు. న్యాయమే, అయితే హార్మోనియం మాత్రం ఏం తక్కువ తిన్నది? అదే కారణంతో ఆలిండియా రేడియో దాన్ని 1940 నుంచి 1971 దాకా బయటే ఉంచింది. అసలు ఇబ్బంది మరోటి: అందరి చేతుల్లో ఉండే పుస్తకంలో రాగం పేరుందే తప్ప స్వరం లేదు. కొత్త కుర్రాడు పేరు చూసి బాణీ ఎత్తలేడు, తెలిసిన ముసలమ్మ ముందు వరసలో కూర్చుని ఉండాల్సిందే.