'ఓపెన్' ఎవరిది? చదువుల మాటల్లో దాగిన కులం

ఫలితాలొచ్చిన మర్నాడు బెంజ్ సర్కిల్ దగ్గర తల పైకెత్తి చూస్తే చాలు, మన విద్యారంగం ఏ భాష మాట్లాడుతోందో తెలుస్తుంది. ర్యాంకులు, ఫొటోలు, కాలేజీ పేర్లు. కొన్నిచోట్ల ర్యాంకు పక్కన చిన్నక్షరాల్లో 'కేటగిరీ' అని ఉంటుంది. ఆ చిన్నక్షరాలు చూపించి 'అది అసలు ర్యాంకు కాదులే' అనే పెద్దమనుషులకు కొదవ లేదు. చదువుకు సంబంధించిన మాటలు మనకి తెలిసినట్టే ఉంటాయి. కానీ వాటి అర్థాలు ఎవరు నిర్ణయించారో అడగం.

ముందుగా 'ఓసీ'. ఈ మాటకి 'అదర్ క్యాస్ట్స్' అనే అర్థం జనంలో పాతుకుపోయింది. మన పిల్లలు కూడా అలాగే అనుకుంటున్నారు. ప్రవేశాల లెక్కలో ఓసీ అంటే ఓపెన్ కాంపిటీషన్. అది కులం పేరు కాదు, సీటు పేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, బీసీలకు 29 శాతం పోగా మిగిలిన సగం ర్యాంకున్న ఎవరికైనా తెరిచి ఉంచిన సగం. మాలపల్లె పిల్లకి ర్యాంకొస్తే ఆ సీటు ఆమెది కూడా. ఓపెన్‌లో తన ర్యాంకుతో వచ్చినవారిని కోటా లెక్కలో వేయకూడదని ఉద్యోగాల సందర్భంలో 1992 మండల్ తీర్పే చెప్పింది. కానీ 'అదర్ క్యాస్ట్స్' అని చదువుకున్న గుమాస్తా, ప్రిన్సిపాలు, పక్క బెంచీవాడు ఏమంటారు? 'నీకు ఎస్సీలో వస్తుంది గదా, ఓసీ దేనికి?' అంటారు. కనీసం ఇంతమంది ఉండాలని గీసిన గీత, ఇంతకుమించి రాకూడదనే గీతగా మారిపోయింది. ఒక్క మాటకి తప్పు అర్థం చెప్పి సగం సీట్లకు కంచె కట్టారు.

నిజంగా 'ఇతర కులాల' కోటా ఏదన్నా ఉందంటే అది 2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 10 శాతం. దాని పేరేమో 'ఆర్థికంగా వెనకబడినవారు'. పేదలంటే అందరూ పేదలే అనుకుంటాం. ఎస్సీ, ఎస్టీ, బీసీ పేదలకి అందులో చోటు లేదు. 2022లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు కూడా దీన్ని సమర్థించింది.

ఇక 'మెరిట్'. ఈ డెల్టాలో ఈ మాటకి ఒక చరిత్ర ఉంది, దాన్ని మర్చిపోయినట్టు నటిస్తారు. 1953 దాకా కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. అక్కడి కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 14 వృత్తివిద్య సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, 'హరిజనుల'కు 2, ఆంగ్లో ఇండియన్లూ క్రైస్తవులకు కలిపి 1, ముస్లింలకు 1. ఓపెన్ అనే గడి ఇందులో ఎక్కడుంది? అన్నీ వాటాలే! అందులో అన్నిటికన్నా పెద్ద వాటా పొందింది భూములున్న బ్రాహ్మణేతర కులాలు. చంపకం దొరైరాజన్ కేసులో 1951లో సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. ఆ ఏడే మొదటి సవరణతో 15(4) అధికరణం వచ్చింది. తాతలు వాటా సీట్లో డాక్టర్లైతే మనవలు ప్రతిభ గురించి ఉపన్యాసాలిస్తున్నారు.

డబ్బు మాటల దగ్గర తిరకాసు ఇంకా బాహాటం. సీటు కొనుక్కుంటే దాని పేరు 'డొనేషన్', అంటే దానం! రాజ్యాంగం ఇచ్చిన హక్కుతో సీటొస్తే అది 'దయ'. 1983లోనే రాష్ట్రంలో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేశారు. తర్వాత 1992లో ప్రైవేటు వైద్య, దంత కళాశాలల అనుమతుల మీద హైకోర్టు తీర్పు వచ్చాక నేదురుమల్లి జనార్దనరెడ్డి ముఖ్యమంత్రి పదవి వదులుకోవాల్సొచ్చింది. 1993 ఉన్నికృష్ణన్ తీర్పుతో 'ఫ్రీ సీటు', 'పేమెంట్ సీటు' అనే జంట పుట్టి 2002 దాకా నడిచింది. ర్యాంకుతో ఫ్రీ సీటు తెచ్చుకున్న అగ్రకుల పిల్లాణ్ణి 'ఫ్రీగా వచ్చాడు' అని ఎవరన్నా వెక్కిరించారా? ఆ మాట మనకోసమే దాచారు. ఇప్పుడది 'మేనేజ్‌మెంట్ కోటా'. అదీ కోటాయే, కాకపోతే దానివల్ల నాణ్యత పడిపోతుందని ధర్నాలు జరగవు.

మాటల దగ్గరే ఆగితే లాభం లేదు. 1986లో పెట్టిన ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ విజయవాడలోనే ఉంది. ఓపెన్‌లో లెక్కకొచ్చిన రిజర్వుడు అభ్యర్థి ఇంకో మంచి కాలేజీ కోసం తన కోటా సీటుకి మారితే, ఖాళీ అయిన సీటు ఎవరిది? ఆ వర్గం వారిదేనని వైద్య ప్రవేశాలకు 2001లో 550 జీవో చెప్పింది. దానిమీద ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదనలు నడిచాయి. ఈ లెక్క తెలిసిన విద్యార్థి సంఘాలు ఎన్ని? సీట్ల జాబితా వచ్చిన రోజున దాన్ని కాలేజీవారీగా విప్పి, ఓపెన్ సీట్లలో మన పిల్లలు ఎంతమంది ఉన్నారో, ఓపెన్ ర్యాంకుండీ కోటాలో లెక్కేసినవారు ఎంతమందో రాసుకోవాలి. ఆ కాగితం పట్టుకునే వెళ్లి అడగాలి.