ఎడమకా కుడికా: అవుట్‌రన్ 2 పనితనం

పేరుకు రేసింగ్ ఆటే గానీ, వీడియో గేమ్ పార్లర్‌లో ఒంటరిగా ఆడేటప్పుడు అవుట్‌రన్ 2లో ఓడించాల్సిన వాడెవడూ ఉండడు. ఒక ఫెరారీ, పక్క సీట్లో ఒక అమ్మాయి, పైన తరిగిపోయే సెకన్లు, ముందు రోడ్డు. స్టేజి చివరికి వచ్చేసరికి ఆ రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే కాస్త సులువు, కుడికి పోతే కష్టం. అలా ఐదు స్టేజిలు దాటితే ఆట ముగుస్తుంది. మొత్తం ఐదారు నిమిషాల వ్యవహారం. అంత చిన్న ఆటలో ఎంత పని దాచారో చూస్తే ముచ్చటేస్తుంది.

మొదటి అవుట్‌రన్‌ను 1986లో సెగా కంపెనీ పార్లర్లకు పంపింది. తయారుచేసింది యు సుజుకి. స్టీరింగు తిప్పితే కూర్చున్న పెట్టె కూడా పక్కకు ఒరిగేది. బయల్దేరే ముందు రేడియోలో పాట ఎంచుకోవాలి, మూడింటిలో ఒకటి. అందులో కారు చూడగానే ఫెరారీ అని తెలిసిపోయేది గానీ, దానికి ఆ కంపెనీ అనుమతి లేదు. అనుమతితోనే సుజుకి 1999లో ఎఫ్355 ఛాలెంజ్ చేశాడు. మూడు తెరల ముందు కూర్చోబెట్టి, బ్రేకు ఒక్క క్షణం ఆలస్యమైతే ట్రాక్ బయటికి విసిరేసే కఠినమైన ఆట అది. ఆ మనిషి చేతి నుంచే 2003లో అవుట్‌రన్ 2 వచ్చింది. నిజం కారు ఎలా నడుస్తుందో క్షుణ్ణంగా తెలిసినవాడు, ఆ తెలివిని కావాలని పక్కన పెట్టి చేసిన ఆట ఇది. దీన్ని మెచ్చుకోవడానికి నాకున్న మొదటి కారణం అదే.

మలుపు దగ్గర చూడండి. పూర్తి వేగంతో వస్తూ యాక్సిలరేటర్ వదిలి, బ్రేకును అలా తాకి, స్టీరింగు తిప్పి, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కాలి. కారు వెనక భాగం బయటికి జారుతుంది, ముక్కు మలుపు లోపలికి తిరుగుతుంది. ఇక బ్రేకుతో పని లేదు. ఎంత జారాలో స్టీరింగుతోనే సర్దుకుంటూ పోవడం. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. నిజం రోడ్డు మీద ఇలా జారితే వేగం పోతుంది, టైరు అరుగుతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఇక్కడ వేగం దాదాపు అలాగే నిలుస్తుంది. (భద్రాచలం నుంచి చర్ల వెళ్లే రోడ్డు మీద మాత్రం ఎవరూ ప్రయత్నించకండి. అక్కడ మలుపు అవతల గేదెలుంటాయి.) అలాగని ఆట మరీ మెతక కాదు. జారడం ముందు మొదలుపెడితే లోపలి అంచుకు తగులుతారు, ఆలస్యం చేస్తే బయటి గోడకు. తగిలినా కారుకు గీత పడదు. వేగం మాత్రం పడిపోతుంది, గడియారం ఆగదు. నేర్చుకోవడం మొదటి పూటలోనే అవుతుంది. చేయి కుదరడానికే నెలలు పడుతుంది.

తర్వాత చెప్పుకోవాల్సింది రోడ్డు అతుకు గురించి. మొదటి వరుసలో ఒక స్టేజి, రెండో దాంట్లో రెండు, అలా ఐదో వరుసలో ఐదు. మొత్తం 15 స్టేజిలు, నాలుగు చీలికలు, 16 దారులు. పామ్ బీచ్ సముద్రపు ఒడ్డున బయల్దేరినవాడు ఎడమకు తిరిగితే సరస్సు పక్కకు, కుడికి తిరిగితే ఆల్ప్స్ కొండల్లోకి వెళ్తాడు. చివరి వరుసలో తులిప్ తోట ఉంది, మహానగరం ఉంది, పాత శిథిలాలున్నాయి. ఒక లోకం నుంచి ఇంకో లోకానికి పోతున్నా తెర నల్లబడదు, ఆట ఆగదు. ఆకాశం రంగు, రోడ్డు పక్క చెట్లు, ఎండ తీరు అన్నీ ఆ చీలిక దగ్గరే మారిపోతాయి. ఆ సమయంలో మన చూపంతా ఎటు తిరగాలన్న దాని మీదే ఉంటుంది కాబట్టి అతుకు కనపడదు. గారడీవాడి పని ఇది.

హార్ట్ అటాక్ అనే పద్ధతిలో పక్క సీటు అమ్మాయి కోరికలు కోరుతుంది. జారించి చూపించు, ఆ కార్లన్నిటినీ దాటించు, దేనికీ తగలకుండా పోనివ్వు అంటుంది. తీరిస్తే హృదయాలు, తీర్చలేకపోతే చివాట్లు. పర్ణశాల ఊరివాళ్లకు ఈ కథ కొత్తేమీ కాదు. పక్కనున్న ఆవిడ ముచ్చటపడిందని లేడి వెంట రాముడు పరుగు తీసిన చోటు ఆ ఊరేనని కదా ఏటా అంతమంది వచ్చి గోదావరి ఒడ్డున బొమ్మలు చూసి వెళ్తున్నారు! అయితే అమ్మాయి అంటే కోరేది, అలిగేది మాత్రమే అనుకోవడం ఈ ఆటలో పాతబడిన భాగం. ఈ మాట కూడా చెప్పాలి.

ఇక ఇంటి ప్రతి. పార్లర్ పెట్టె లోపల ఉన్న చిహిరో అనే బోర్డును మైక్రోసాఫ్ట్ వాళ్ల ఇంటి ఆట యంత్రం ఎక్స్‌బాక్స్ ఆధారంగానే చేశారు కాబట్టి, ఎత్తి దించితే చాలు అనిపిస్తుంది. కానీ బోర్డులో 128 మెగాబైట్ల మెమరీ, ఇంటి ఎక్స్‌బాక్స్‌లో 64. ఈ పని ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ ఊరి సుమో డిజిటల్‌కు దక్కింది. 2003లో పుట్టిన కంపెనీ, విడుదల చేసిన మొదటి ఆటే ఇది. 2004లో వచ్చిన ఆ డిస్కులో రోడ్డు అలాగే సాగుతుంది, చీలిక దగ్గర అలాగే ఆగదు. స్టీరింగు పోయి చేతిలోకి కంట్రోలర్ వచ్చినా జారుడు చెడలేదు. వేళ్ల కింది ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంతే ఇంధనం, బొటనవేలి కింద కొంచెం కొంచెంగా తిరిగే చక్రం.

అసలు చిక్కు వేరే. పార్లర్‌లో ఐదు నిమిషాలు చాలు, డబ్బు ఆ ఐదు నిమిషాలకే. ఇంటికి డిస్కు కొనుక్కున్నవాడికి అది చాలదు. సుమో వాళ్లు రోడ్డును సాగదీయలేదు, అదే రోడ్డు మీద 101 మిషన్లు పెట్టారు. ఒక మలుపును ఒకసారి జారుడు కోసం, ఇంకోసారి కార్లు దాటడం కోసం, మరోసారి దేనికీ తగలకుండా పోవడం కోసం ఆడిస్తారు. ప్రతిసారీ మార్కులు వేస్తారు. అలా ఆడుతూ పోతే స్కడ్ రేస్, డేటోనా యుఎస్ఏ 2 అనే సెగా పాత ఆటల ట్రాకులు, చివరికి 1986 నాటి అవుట్‌రన్ కూడా చేతికొస్తాయి. 101 ఎక్కువే. 60 దగ్గర ఆపి ఉంటే ఇంకా బాగుండేది. అయినా రోడ్డును కంఠస్థం చేయించడానికి ఇంతకంటే మంచి ఉపాయం నేను చూడలేదు.

మొదటి ఎక్స్‌బాక్స్‌ను మైక్రోసాఫ్ట్ మన దేశంలో అమ్మలేదు. 2006లో ఎక్స్‌బాక్స్ 360తోనే ఇక్కడికి వచ్చింది. అందుకే ఈ ఆట పేరు తెలుగువాళ్లలో చాలామంది వినలేదు. 2009లో అవుట్‌రన్ ఆన్‌లైన్ ఆర్కేడ్ పేరుతో ఇంకో రూపంలో నెట్‌లో అమ్మారు గానీ, ఫెరారీ అనుమతి గడువు తీరడంతో దాన్నీ తీసేశారు. ఇప్పుడు దొరికేది పాత డిస్కే. అమెరికా నుంచో ఇంగ్లండ్ నుంచో ఎప్పుడో ఎవరో తెచ్చిన ఎక్స్‌బాక్స్ మీ ఇంటి అటక మీద ఉంటే, పాతసామాను వాడికి తూకానికి వేసేముందు లోపల ఏ డిస్కు ఉందో ఒకసారి చూడండి.